నేనూ, నా రెండు మిల్లీగ్రాముల మాత్రా!

కూకట్‌పల్లి భ్రమరాంబ థియేటరు. పెద్ద హీరోగారి బొమ్మ. మొదటి రోజు, మొదటి ఆట. బయట డప్పులు, లోపల కాగితాల వాన! తెరమీద హీరోగారి కాలు కనబడిందో లేదో హాలంతా లేచి నిలబడింది. నా పక్కసీటు కుర్రాడు చొక్కా విప్పి గిరగిరా తిప్పుతున్నాడు. నేను మాత్రం కూర్చునే ఉన్నాను. బొమ్మ బాగాలేక కాదు. బాగుందో లేదో కూడా తెలియలేదు!

సినిమాల మీద రాసి పొట్టపోసుకునేవాడికి అంతకన్నా ఘోరం ఏముంటుంది చెప్పండి? వంటవాడికి నాలుక మీద రుచి పోయినట్టే. ఇంటికొచ్చి, ఆ కుర్రాడి ఆనందాన్ని గుర్తు చేసుకుని, అదే నా ఆనందమైనట్టు రివ్యూ రాసి పంపేశాను. అచ్చయింది. ‘భలే రాశావు గురూ’ అని నలుగురు ఫోన్లు కూడా చేశారు. అప్పటికి నాలుగు నెలలుగా నా బతుకంతా ఇలా అరువు ఆనందంతోనే నడుస్తోంది.

ఈ వారం ఈ పేజీలో ఏ తార ముచ్చట్లో ఉంటాయని తిరగేసిన మిత్రులు క్షమించాలి. ఇది నా కథ. ఇందులో ఫైటింగులు లేవు, డ్యూయెట్లు అంతకన్నా లేవు. ఒక చిన్న మాత్ర ఉంది. ఆ మాత్రకు విలన్ వేషం కట్టి నేను చేసిన తెలివితక్కువ పని ఉంది. మీలో ఎవరికో ఒకరికి పనికొస్తుందనే రాస్తున్నాను.

బాచుపల్లి బ్రహ్మచారి

మాది తెనాలి. డిగ్రీ చేత పట్టుకుని హైదరాబాద్ వచ్చాను. ఓ చానల్లో కొన్నాళ్ళు చేశాను. 2022లో ఆ ఉద్యోగం ఊడింది. అప్పటినుంచీ నాలుగు పత్రికలకు రాసుకుంటూ, బాచుపల్లిలో ఓ స్నేహితుడితో కలిసి ఫ్లాటు పంచుకుంటున్నాను. వాడు హైటెక్ సిటీలో రాత్రి డ్యూటీ. వాడు వచ్చేసరికి నేను లేవాలి. నేను పడుకునేసరికి వాడు వెళ్ళాలి. ఒకే ఇంట్లో ఉంటూ వారానికోసారి కలుసుకునే సంసారం మాది!

బాచుపల్లి మీకు తెలుసుగా? ఒక పక్క ఇంజనీరింగు కాలేజీ కుర్రాళ్ళు, ఇంకో పక్క మియాపూర్ మెట్రోకి పరుగెత్తే సాఫ్ట్‌వేర్ జనం, మరో పక్క మందుల ఫ్యాక్టరీల షిఫ్టు బస్సులు. ఆ మందుల ఫ్యాక్టరీల సంగతి కాస్త గుర్తుంచుకోండి. మన కథలో దానికి ముఖ్యమైన సీనే ఉంది.

డిప్రెషన్ అంటే ఏడుపు అనుకుంటారు చాలామంది. నాకు ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించేది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ. ఆ తర్వాత నిద్ర ఉండదు. స్నానం చేయాలంటే కొండ ఎక్కాలన్నంత పని. ఒక్క పేరా రాయడానికి పూటంతా. అన్నం గొంతు దిగేది, అంతే. అమ్మ ఫోన్ చేస్తే ‘బాగున్నానమ్మా’ అనేవాణ్ని. అబద్ధం కూడా కాదు. బాగుండడం అంటే ఏమిటో మరచిపోయానంతే.

కనిపెట్టింది మా అక్క. ప్రగతినగర్‌లో ఉంటుంది. ఓ ఆదివారం గోంగూర పచ్చడి పట్టుకుని వచ్చింది. నా గడ్డం చూసింది, వంటింటి గట్టు చూసింది, ముందు వారం తానే ఇచ్చిన గిన్నె మూత కూడా తీయకుండా అలాగే ఉండడం చూసింది. తిట్టలేదు. “ఒరేయ్ చిన్నోడా, చొక్కా మార్చుకో. డాక్టరు దగ్గరికి వెళుతున్నాం” అంది. బావగారు కింద కారు స్టార్ట్ చేసే ఉంచారు!

మొదటి డాక్టరుగారు డిప్రెషన్ మందు ఒకటి రాశారు. ఎస్సిటాలోప్రామ్ అని. రెండు నెలలు వాడాను. నిద్ర వచ్చింది, ఆకలి వచ్చింది. ఆనందం మాత్రం రాలేదు. మందు మార్చారు. సెర్ట్రలీన్. మోతాదు పెంచారు. ఇంకో రెండున్నర నెలలు. సగం దారిలో ఆగిన బస్సులా అక్కడే నిలిచిపోయాను. ఇది నా ఒక్కడి దురదృష్టం కాదని తర్వాత తెలిసింది. 2006లో అమెరికాలో వేలమంది రోగులతో చేసిన ఓ పెద్ద పరిశీలన ఫలితాలు వచ్చాయి. మొదటి మందుతోనే పూర్తిగా తేరుకున్నది ముగ్గురిలో ఒకరే! మిగిలిన ఇద్దరికీ రెండో ప్రయత్నం, మూడో ప్రయత్నం తప్పవన్నమాట.

ఈ దశలో డాక్టరుగారు నా చీటీ మీద ఇంకో గీత గీశారు. “దీనికి తోడుగా చిన్న మాత్ర ఒకటి చేరుద్దాం” అన్నారు. ఏమిటో, ఎందుకో చెప్పలేదు. బయట నలభైమంది కూర్చుని ఉన్నారు మరి. నేనూ అడగలేదు. అక్కడే జరిగింది పొరపాటు.

మందుల షాపులో సస్పెన్స్

మా వీధి మందుల షాపు కుర్రాడు నాకు బాగా తెలుసు. కొత్త బొమ్మ విడుదలైతే నన్నే అడుగుతాడు, “అన్నా, పోవచ్చా?” అని. ఆ రోజు చీటీ చూశాడు. నన్ను చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు.

“అన్నా, ఇంట్ల ఎవరికన్న పానం బాలేదా? గిది దిమాక్‌కు ఇచ్చే గోలి.”

పాపం, వాడు ప్రేమగానే అడిగాడు. నా నోటంట వచ్చిన మాట వినండి: “మా ఊళ్ళో బాబాయికి.”

తెనాలిలో నిక్షేపంగా పాన్‌షాపు నడుపుకుంటున్న మా బాబాయిని ఒక్క డైలాగుతో పేషెంటును చేసేశాను!

మెట్లెక్కుతూనే ఫోన్లో ఆ మందు పేరు కొట్టాను. అరిపిప్రజోల్. మొదటి లైనులోనే ‘యాంటీ సైకోటిక్’ అని ఉంది. రెండో లైనులో ‘స్కిజోఫ్రీనియా’. మూడో లైను చదవలేదు. గుమ్మం దగ్గరే కూలబడ్డాను. ‘అంటే నాకు పిచ్చా? డాక్టరుకు తెలుసా? అక్కకు తెలుసా? నాకు చెప్పకుండా అందరూ కలిసి దాచారా?’ ఇంటర్వెల్ ముందు హీరోకు తన జన్మరహస్యం తెలిసినప్పుడు వాయించే సంగీతమంతా నా చెవుల్లో మోగింది.

ఆ మాత్రల అట్టను పాత సినిమా సీడీల డబ్బాలో దాచేశాను. ఒక్కటి కూడా వేసుకోలేదు. అంతటితో ఆగానా? ‘ఈ మందులన్నీ ఒకే తానులో గుడ్డలు’ అనుకుని, అంతవరకూ వేసుకుంటున్న డిప్రెషన్ మందు కూడా ఒక్కరోజులో మానేశాను. వారం తిరిగేసరికి తల తిరుగుడు, చిరాకు, పీడకలలు. మూడు వారాలకు పాత దిగులు రెట్టింపై వచ్చి కూర్చుంది. అక్క అడిగితే ‘వేసుకుంటున్నాను’ అనే చెప్పేవాణ్ని.

ఓ రాత్రి ఇక బతకడం అనవసరం అనిపించింది. ఆ మాట ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ, ఆ రాత్రి అది ఎంతో తెలివైన నిర్ణయంలా కనబడింది. నమ్మండి, అదే ఆ జబ్బు చేసే మోసం. అప్పుడు అక్క ఫోన్ చేసింది. పెద్ద విషయమేం కాదు, “రేపు పులిహోర చేస్తున్నాను, వస్తావా?” అని. నేను రెండు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత, “అక్కా, నాకు భయంగా ఉంది” అన్నాను.

అరగంటలో బావగారి కారు మా గేటు ముందు ఉంది.

నా పాపం, నా కలం

ఆ మాత్ర పేరు చూసి నేనంత ఎందుకు బెదిరిపోయానో తర్వాత తీరిగ్గా ఆలోచించాను. సమాధానం నా పాత కటింగుల ఫైలులోనే దొరికింది.

ఓ కామెడీ సినిమా గురించి రాస్తూ ఆరేళ్ళ క్రితం నేను పెట్టిన హెడ్డింగు: ‘ఎర్రగడ్డ గేటు తెరిచారెవరు?’ ఇంకో హాస్యనటుడి ఫొటో కింద నా వ్యాఖ్య: ‘ఈయనకు షాక్ ట్రీట్‌మెంట్ కావాలి!’ అచ్చులో చూసుకుని మురిసిపోయాను కూడా. మనవాళ్ళకి ఎర్రగడ్డ అంటే ఊరి పేరు కాదు, తిట్టు. అటు విశాఖ వైపు వాళ్ళకి పెద్ద వాల్తేరు ఎలాగో, ఇటు మనకి ఎర్రగడ్డ అలాగ. స్నేహితుడు కాస్త వింతగా మాట్లాడితే ‘వీణ్ని ఎర్రగడ్డలో చేర్పించాలిరా’ అనని వాడు మనలో ఎవడు?

అన్నేళ్ళు నలుగురినీ నవ్వించడానికి నేను విసిరిన రాయి తిరిగి వచ్చి నా నెత్తినే పడిందన్నమాట. మాత్ర నన్నేమీ చేయలేదు. దాని పేరుకు నేనే కొమ్ములూ కోరలూ తగిలించాను.

పై వాటా బాబాయిగారు

ఇక మన కథలో ముఖ్యపాత్ర ప్రవేశం. మా పై వాటాలో ఓ పెద్దాయన ఉంటారు. మందుల కంపెనీల్లో ముప్ఫయ్యేళ్ళు కెమిస్టుగా చేసి రిటైరయ్యారు. మేమంతా బాబాయిగారు అంటాం. అక్కే ఆయనకు సంగతి చెప్పినట్టుంది. ఓ సాయంత్రం కాఫీ గ్లాసులతో కిందికి దిగి వచ్చారు.

“ఏమోయ్ జర్నలిస్టూ, కైకాల సత్యనారాయణ ఏ వేషంతో పరిచయమయ్యాడు?” అన్నారు.

ఇది నాకు తెలియకపోతే ఎలా? “1959లో ‘సిపాయి కూతురు’ అండీ. హీరోగా.”

“తర్వాత?”

“విలన్. ఆ తర్వాత కంటతడి పెట్టించే తండ్రి వేషాలు.”

“మరి ఏ వేషం అసలు సత్యనారాయణ?”

నేను నోరు తెరిచాను. ఆయన కాఫీ తాగుతూ నవ్వారు. “మందులూ అంతేనయ్యా. ఏ వేషంలో పరిచయమైతే ఆ పేరే ఉండిపోతుంది. ఆస్పిరిన్ తలనొప్పికీ జ్వరానికీ వచ్చింది. తర్వాత గుండెపోటు వచ్చినవాళ్ళకీ ఇచ్చారు. గుండెకు ఆస్పిరిన్ వేసుకునేవాణ్ని పట్టుకుని ‘నీకు తలనొప్పి’ అంటామా?”

ఆ సాయంత్రం ఆయన చెప్పిన కథ ఏ సినిమాకూ తీసిపోదు. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రొమజీన్ అనే మందును మతిభ్రమణ రోగులకు ఇచ్చి చూశారు. యాంటీ సైకోటిక్ అనే వంశానికి మూలపురుషుడు అదే. దానంత మందు ఇంకోటి దొరుకుతుందేమోనని, దాని పోలికలున్న ఇమిప్రమీన్‌ను స్విట్జర్లాండ్‌లో రోలాండ్ కూన్ అనే డాక్టరు మతిభ్రమణానికే ప్రయోగించాడు. అక్కడ అది ఫ్లాపు! కానీ దిగులుతో కుంగిపోయిన రోగులు తేరుకోవడం కనిపెట్టాడు. 1957లో ఆ సంగతి ప్రకటించాడు. డిప్రెషన్‌కు మొదటి మందుల్లో ఒకటి అలా పుట్టింది!

“అంటే ఈ రెండు వంశాలూ దాయాదులన్నమాట” అన్నాను.

“దాయాదులు కాదోయ్, అన్నదమ్ములు. 1960లలోనే రెండు రకాలనూ ఒకే మాత్రలో కలిపి అమ్మారు. నువ్వేదో కొత్తగా కొంప మునిగిందనుకుంటున్నావు.”

తర్వాత చెయ్యి చాపి కిటికీ బయటికి చూపించారు. “మన బాచుపల్లిలోనే రెడ్డీస్ వాళ్ళ మాత్రల ఫ్యాక్టరీ ఉంది కదా. డాక్టర్ అంజిరెడ్డిగారు 1984లో పెట్టిన ఆ కంపెనీ అమెరికాలో పేరు తెచ్చుకున్నది ఏ మందుతోనో తెలుసా? 2001లో ఫ్లూయాక్సెటీన్‌తో. అది డిప్రెషన్ మందు. 180 రోజులపాటు ఆ 40 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌ను అక్కడ ఇంకెవరూ జనరిక్‌గా అమ్మడానికి లేకుండా హక్కు సంపాదించారు. పదేళ్ళు తిరిగాక, 2011లో, ఒలాంజపీన్ 20 మిల్లీగ్రాముల మాత్రకు అలాంటి హక్కే వచ్చింది. అది యాంటీ సైకోటిక్. ఇప్పుడు అసలు ట్విస్టు చెప్పనా? ఆ ఫ్లూయాక్సెటీన్‌నూ, ఈ ఒలాంజపీన్‌నూ కలిపి ఒకే క్యాప్సూల్‌గా, మొండి డిప్రెషన్‌కు వాడడానికి అమెరికా ప్రభుత్వం 2009లోనే అనుమతించింది!”

నా మాత్ర సంగతీ చెప్పారు. అరిపిప్రజోల్ 2002లో స్కిజోఫ్రీనియాకు వచ్చింది. 2007లో, డిప్రెషన్ మందు ఒక్కటీ సరిపోని వాళ్ళకు తోడుగా ఇవ్వడానికి అమెరికాలో అనుమతి దొరికింది. 2015లో దాన్ని జనరిక్‌గా అమ్మడానికి అక్కడ మొదట అనుమతి పొందిన నాలుగు కంపెనీల్లో మన హైదరాబాద్ హెటెరో ఒకటి.

నేను సిగ్గుపడి సీడీల డబ్బాలో దాచింది మా ఊరివాళ్ళు ప్రపంచానికి అమ్ముకుంటున్న మందునన్నమాట!

కాళ్ళు నిలవని మేట్నీ

బాబాయిగారి కథ విని మాత్ర వేసేసుకున్నానని, వెంటనే పూలు పూశాయని అనుకునేరు. ముందు అక్క నన్ను ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఈసారి చేసిన వెధవపనులన్నీ చెప్పేశాను. దాచిన అట్ట సహా. ఆవిడ కోప్పడలేదు. “మానేసిన సంగతి చెప్పావు, అదే మేలు. చెప్పకుండా ఉంటే మందు పనిచేయడం లేదనుకుని మోతాదు పెంచేదాన్ని” అన్నారు. నాకు వెన్నులో చలి పుట్టింది.

పాత డిప్రెషన్ మందే మళ్ళీ మొదలుపెట్టించి, నెల రోజులు చూసి, అప్పుడు అరిపిప్రజోల్ 5 మిల్లీగ్రాములు చేర్చారు. నాలుగో రోజు ఆదివారం. చాన్నాళ్ళ తర్వాత మేట్నీకి వెళ్ళాను. టైటిల్స్ అయ్యేసరికి కాళ్ళలో చీమలు పాకుతున్నట్టు మొదలైంది. కుదురుగా కూర్చోలేను. కాలు మార్చాను, సీటు మార్చాను, లేచి వెనక్కి వెళ్ళి నిల్చున్నాను. నిల్చోలేకపోయాను! సినిమా మొదటి సగమంతా థియేటరు వరండాలో పచార్లు చేశాను. పాప్‌కార్న్ అమ్మే అబ్బాయి, “సార్, ఎవరికోసమన్నా చూస్తున్నారా?” అని రెండుసార్లు అడిగాడు.

ఈసారి మాత్రం సీడీల డబ్బా జోలికి పోలేదు. హాలు మెట్ల మీదినుంచే ఫోన్ చేశాను. డాక్టరమ్మ వెంటనే అన్నారు, “దాన్ని అకతీసియా అంటారు. ఈ మందుతో కొందరికి వస్తుంది. భయం లేదు, కానీ ఓర్చుకోవాల్సిన పనీ లేదు. రేపు రా.” మర్నాడు మోతాదు 2 మిల్లీగ్రాములకు దించారు. వారంలో కాళ్ళు నా మాట విన్నాయి.

ఆ రోజు ఆవిడ ఓపిగ్గా చెప్పిన సంగతులు మీకూ చెబుతాను. మొదటిసారే నాకు ఎవరైనా చెప్పి ఉంటే ఇంత రాద్ధాంతం జరిగేది కాదు.

ఒకటి, మోతాదు. స్కిజోఫ్రీనియాకు ఇదే మందు మామూలుగా 10 నుంచి 15 మిల్లీగ్రాములు వాడతారు, 30 దాకా కూడా వెళతారు. డిప్రెషన్ మందుకు తోడుగా 2తోనో 5తోనో మొదలుపెడతారు. పాతకాలపు మందులు మెదడులో డోపమిన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటాయి. ఇది మాత్రం ఫ్యాను రెగ్యులేటరు లాంటిది. ఎక్కువైన చోట తగ్గిస్తుంది, తక్కువైన చోట కాస్త ఊతమిస్తుంది.

రెండు, ఆశ ఎంత పెట్టుకోవాలి? 2009లో ఇలాంటి 16 పరీక్షలను కలిపి లెక్క తీశారు. డిప్రెషన్ మందుకు యాంటీ సైకోటిక్ చేర్చినవాళ్ళలో నూటికి 31 మంది దాకా పూర్తిగా తేరుకున్నారు. ఉత్తుత్తి మాత్ర చేర్చినవాళ్ళలో నూటికి 17 మంది. తేడా ఉంది, నిజమే. అందరికీ పనిచేయదు, అదీ నిజమే. పనిచేయకపోతే వేరే దారులున్నాయి. లిథియం ఉంది, కౌన్సెలింగ్ ఉంది. మన సినిమాల్లో రాక్షసంగా చూపించే కరెంటు చికిత్స కూడా, మత్తు ఇచ్చి చేసే ఈ రోజుల్లో, మొండి డిప్రెషన్‌కు బాగా పనిచేసే వాటిలో ఒకటి.

మూడు, వెల కట్టాలి. ఈ జాతి మందుల్లో ఒలాంజపీన్, క్వెటియాపీన్ లాంటివి ఒళ్ళు పెంచుతాయి, షుగరూ కొలెస్టరాలూ పెంచవచ్చు. నా మందుతో ఆ బెడద తక్కువే గానీ అసలు లేదని కాదు. అందుకే బరువు, నడుము కొలత, రక్తపరీక్షలు ముందోసారి, తర్వాత అప్పుడప్పుడూ. ఏళ్ళ తరబడి వాడితే కొద్దిమందికి మూతీ నాలుకా వాటంతట అవే కదిలే జబ్బు రావచ్చు. అందుకే అవసరమైనన్నాళ్ళే, డాక్టరు కళ్ళముందే.

నాలుగు, మీలాంటి కుర్రకారుకు ముఖ్యమైంది. పాతికేళ్ళలోపు వాళ్ళలో డిప్రెషన్ మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో కొందరికి చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరగవచ్చు. మందుతో ఇచ్చే వివరాల పత్రంలో ఈ హెచ్చరిక వేయాలని అమెరికాలో నియమమే ఉంది. అందుకని మందు మానేయమని కాదు. ఆ వారాల్లో ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండాలి. ఒంటరిగా ఉండకూడదు.

ఆరో వారం

సినిమాల్లో అయితే గుళ్ళో గంట మోగుతుంది, హీరోకి చూపు వస్తుంది. నాకు అలాంటి సీనేమీ జరగలేదు. ఆరో వారం అనుకుంటా, ఓ సాయంత్రం చినుకులు పడుతున్నాయి. బాచుపల్లి చౌరస్తా దగ్గర బండి మీద మిరపకాయ బజ్జీలు వేస్తున్నారు. ఆ వాసన ముక్కుకు తగిలింది. ‘అబ్బ!’ అనుకున్నాను. నాలుగడుగులు వేశాక ఆగిపోయాను. ‘అబ్బ’ అనుకుని ఎన్నాళ్ళయింది? లెక్కపెడితే ఏడాది పైమాటే. వెనక్కి వెళ్ళి నాలుగు బజ్జీలు కొనుక్కుని, చెట్టుకింద నిలబడి తిన్నాను. కళ్ళంట నీళ్ళు వచ్చాయి. కారం వల్లే అని బండివాడు అనుకున్నాడు. మంచినీళ్ళ గ్లాసు ఇచ్చాడు.

ఆ రాత్రి పాత బొమ్మ ఒకటి పెట్టుకుని చూశాను. రమణారెడ్డి చేతులు ఊపుతూ నడిచొస్తుంటే పైకి నవ్వాను. పక్కగదిలో డ్యూటీకి తయారవుతున్న మా వాడు తలుపు తీసి, “ఏరా, ఎవరొచ్చారు?” అన్నాడు.

ఇది మాత్ర గొప్పతనమా, అక్క గొప్పతనమా, వారం వారం కూర్చోబెట్టి మాట్లాడించిన కౌన్సెలింగ్ గొప్పతనమా? విడదీసి చెప్పలేను. ఇరవైనాలుగు శాఖలవాళ్ళు పనిచేస్తేనే కదా సినిమా! నా మటుకు నేను మాత్ర పేరు కూడా టైటిల్స్‌లో వేస్తాను. అంతే.

మన సినిమాలు, మన జోకులు

1960లో గుత్తా రామినీడుగారు ‘చివరకు మిగిలేది’ తీశారు. బెంగాలీ బొమ్మ ‘దీప్ జ్వెలే జాయ్’ ఆధారం. మానసిక రోగులకు ప్రేమ నటించి నయం చేసే నర్సుగా సావిత్రి. చివరికి ఆ నర్సే మతి చలించి మంచమెక్కుతుంది. మొన్న మళ్ళీ చూశాను. వైద్యం సంగతి పక్కన పెట్టండి. అందులో రోగిని చూసి ఎవరూ వెకిలిగా నవ్వరు. అరవయ్యేళ్ళ పైబడిన ఆ బొమ్మకున్న మర్యాద తర్వాత మన కామెడీ ట్రాకుల్లో ఎటు పోయింది? పేషెంటు అంటే తలకు గిన్నె బోర్లించుకుని తిరగాలి, డాక్టరు అంటే పేషెంటుకన్నా వింతగా ఉండాలి. హాలంతా నవ్వుతుంది. ఆ నవ్వే హాల్లో జేబులో మాత్ర పెట్టుకున్నవాడు ఒకడు ఉంటాడు. వాడూ నవ్వుతాడు. ఇంటికెళ్ళి మాత్ర దాచేస్తాడు.

2015లో దీపికా పదుకొణె తనకు డిప్రెషన్ వచ్చిందని, వైద్యం చేయించుకున్నానని బహిరంగంగా చెప్పింది. అంత అందం, అంత పేరు, అంత డబ్బు ఉన్న అమ్మాయికి దిగులేమిటని మన టీ కొట్ల దగ్గర జోకులు పేలాయి. ఆ జోకుల్లో నాదీ ఒకటుంది. ఈ పేజీలో క్షమాపణ చెప్పుకుంటున్నాను.

ఎర్రగడ్డ ఆసుపత్రికి కూడా ఓ రోజు వెళ్ళాను. వైద్యానికి కాదు, చూడడానికి. ఓపీ వరసలో పుస్తకాల సంచీతో కాలేజీ అబ్బాయి ఉన్నాడు. టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూతురి జడ సరిచేస్తున్న తల్లి ఉంది. నేను రాసిన హెడ్డింగుకు సరిపడే మనిషి ఒక్కరూ కనబడలేదు.

పెళ్ళిచూపులు

అమ్మ సంబంధాలు చూస్తోంది. “మాత్ర సంగతి ఎత్తకురా, పెళ్ళయ్యాక నెమ్మదిగా చెప్పుకోవచ్చు” అని బతిమాలింది. ఆవిడ భయం ఆవిడది. కానీ దాచి ఒకసారి అనుభవించినవాణ్ని నేను. నిజాంపేటలో ఓ సంబంధం. అన్నీ కుదిరేలా ఉన్నాయి. అమ్మాయితో విడిగా మాట్లాడమన్నప్పుడు చెప్పేశాను. మందు పేరు, అది ఏ జాతిదో, ఎందుకు వాడుతున్నానో, ఇంకా ఎన్నాళ్ళు వాడాలో తెలియదన్న సంగతీ. ఆ అమ్మాయి శ్రద్ధగా వింది.

మూడోరోజు మధ్యవర్తి ఫోన్ చేశాడు. వాళ్ళ పెద్దలకు ఇష్టం లేదట. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ ఆదివారం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆ అమ్మాయే. “సంబంధం గురించి కాదండీ” అంది ముందే. “మా తమ్ముడు ఇంటరు చదువుతున్నాడు. మూడు నెలలుగా గదిలోంచి రావడం లేదు. ఇంట్లో ఎవరూ ఒప్పుకోవడం లేదు. మీరు వెళ్ళే డాక్టరుగారి పేరు చెబుతారా?”

చెప్పాను. అడ్రసు చెప్పాను, ఏయే వేళల్లో ఉంటారో చెప్పాను. అంతలో ఏ రాత్రయినా మరీ కష్టంగా ఉంటే 14416కి ఫోన్ చేయమన్నాను. కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీ మానస్ అది. ఇరవైనాలుగు గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. మిత్రులారా, మీరూ ఆ నంబరు రాసిపెట్టుకోండి. మీకు అవసరం లేకపోవచ్చు. మీ పక్కసీటువాడికి కావాలేమో, ఎవరికి తెలుసు?

ఫోన్ పెట్టేసి, రాత్రి భోజనమయ్యాక, నా రెండు మిల్లీగ్రాముల మాత్ర వేసుకున్నాను. ఇప్పుడు అది సీడీల డబ్బాలో లేదు. వంటింటి గట్టు మీద, ఉప్పు డబ్బా పక్కన, ఇంటికి ఎవరొచ్చినా కనబడేలా ఉంటుంది.